మలుపులో మాత్రమే వచ్చే టకటక

"అన్నా, సెకండ్ హ్యాండ్‌లో పాత ఆల్టో కొన్నాను. ముందు వైపు నుంచి టకటకమని శబ్దం. గేర్ బాక్స్ దించాలంటున్నారు, నిజమేనా?" అని కావలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. శబ్దం ఎప్పుడొస్తోంది, దేన్ని బట్టి మారుతోంది అని నేను తిరిగి అడిగాను. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

ఆ కారు టైరు 145/80 ఆర్12. దాని చుట్టుకొలత సుమారు 1.69 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 10 చుట్లు తిరుగుతుంది. అదే సమయంలో ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50. వేగం మారకుండా గేరు మార్చితే చక్రం చుట్లు అలాగే ఉంటాయి, ఇంజిన్ చుట్లు మారతాయి. శబ్దం గేరుతో పాటు మారిందా, ఇంజిన్ వైపు చూడాలి. మారలేదా, చక్రాల వైపు. వృత్తం చుట్టుకొలత పాఠాన్ని బోర్డు మీద కాకుండా స్కూలు ముందు ఆగిన ఆటో టైరు దగ్గర చెబితే ఎంత బాగుంటుందో అని ఎప్పుడూ అనుకుంటాను.

బండి నిలిపి, ఇంజిన్ నడుస్తుండగానే న్యూట్రల్‌లో ఉంచండి. శబ్దం ఉండి, క్లచ్ నొక్కగానే పోతే గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ తిప్పుడును గేర్ బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్ మీద అనుమానం. నొక్కితేనే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్. హైవే మీద హోరులా వినిపిస్తూ, ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే సాధారణంగా కుడి చక్రం బేరింగ్, ఎందుకంటే బరువు ఆ వైపుకు ఒరుగుతుంది. గుంతల్లో మాత్రమే కొట్టుకుంటే సస్పెన్షన్‌లోని బుష్‌లు (రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు చూడాలి.

తమ్ముడి కారు శబ్దం వీటిలో దేనికీ సరిపోలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడే టకటక. ఇక్కడే నాకెంతో ఇష్టమైన యంత్రం వస్తుంది, సీవీ జాయింట్. సీవీ అంటే కాన్‌స్టంట్ వెలాసిటీ, ఇంజిన్ తిప్పుడును వేగం మారకుండా చక్రానికి అందించే వంగే అతుకు.

ఈ కారులో ముందు చక్రాలు ఇంజిన్ బలంతో తిరగాలి, మలుపు తీసుకోవాలి, రెండూ ఒకేసారి. లారీ కింద గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ఉండే క్రాస్ జాయింట్ ఒక్కటే పెడితే, 30 డిగ్రీల వంపులో ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం 0.87 నుంచి 1.15 రెట్ల మధ్య ఊగుతుంది. స్టీరింగ్ చేతిలో వణుకుతుంది. సీవీ జాయింట్‌లో ఆరు ఉక్కు గుండ్లు ఆరు గాడుల్లో కూర్చుని, వంపు ఎంతైనా ఆ కోణాన్ని సరిగ్గా సగానికి చీల్చే తలంలోనే నిలుస్తాయి. అందుకే రెండు వైపులా వేగం ఒకటే.

నేరుగా పోతున్నంతసేపు గుండు గాడిలో దాదాపు ఒకే చోట ఒత్తుతుంది. లక్ష కిలోమీటర్లు అలా ఒత్తితే అక్కడ చిన్న పల్లం పడుతుంది. కనిగిరి వైపు మట్టిబాటలో ఎద్దుబండి చక్రాలు చేసిన గాడిని గుర్తు తెచ్చుకోండి. ఎద్దులు తిన్నగా నడిచినంతసేపు బండి హాయిగా పోతుంది. పక్కకు తిప్పితే చక్రం గాడి అంచు ఎక్కి ధబ్బున దిగుతుంది. సీవీ జాయింట్‌లోనూ అంతే. స్టీరింగ్ తిప్పగానే ప్రతి గుండూ చుట్టుకొకసారి గాడి వెంట ముందుకూ వెనక్కూ జారాలి. మధ్యలో ఆ పల్లం అంచు తగిలి టక్కుమంటుంది. బరువున్న బండి గాడి అంచున గట్టిగా కొట్టినట్టు, యాక్సిలరేటర్ ఇస్తే టకటక గట్టిపడుతుంది. తిన్నగా పోతే గుండు అంచు దాకా రాదు, నిశ్శబ్దం.

ఆ పల్లాన్ని త్వరగా తెచ్చేది చిరిగిన రబ్బరు బూట్, అంటే జాయింట్‌కు గ్రీజుతో సహా తొడిగిన రబ్బరు తొడుగు. గ్రీజు బయటకు పోతుంది, ఇసుక లోపలికి వస్తుంది. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు తిరిగే బండికి ఇసుకకు కొదవేముంటుంది! బండి నెంబరు అంకెలు కూడితే 9 వస్తుందా అని చూసే వాళ్లు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే వాళ్లు, కొనే ముందు ఒక్కసారి చక్రం వెనక్కి వంగి ఆ బూట్ చూడమని నా మనవి.

తమ్ముడు ఖాళీ గ్రౌండ్‌లో రెండు వైపులా నిదానంగా గుండ్రంగా తిప్పి చూశాడు. ఎడమకు తిప్పితే కుడి నుంచి టకటక. వంగి చూస్తే కుడి బూట్ చీలి ఉంది, అంచున గ్రీజులో ఇసుక మెరుస్తోంది. గేర్ బాక్స్ దించలేదు. కుడి వైపు చక్రం దగ్గరుండే బయటి సీవీ జాయింట్ కొత్తది వేయించాడు.