చేపముళ్ళ కట్ట, రాస్ పద్యం

‘మలేరియా క్రిమిలో హీమోజోయిన్ అనే నల్లటి రేణువులుంటాయని పుస్తకంలో ఉంది. క్రిమికి వాటితో ఏం పని?’ అని ఇంటర్ చదివే ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మన జువాలజీ పుస్తకాలు ఆ పదార్థం వల్ల చలి, జ్వరం వస్తాయని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాయి. పిల్లలు బిట్ క్వశ్చన్ కోసం బట్టీ కొట్టి ముందుకెళ్ళిపోతారు. దోమ కుడితే ఏమవుతుంది, క్రిమి ఎన్ని రూపాలెత్తుతుంది అన్న చక్రం మీకు ఎక్కడైనా దొరుకుతుంది, అది వదిలేస్తున్నాను. నాకు ఆ నల్ల రేణువంటేనే మోజు. దాన్ని చూసే సికింద్రాబాద్‌లో ఒకాయన పద్యం రాసుకున్నాడు.

ఒక దొంగ ఇంట్లో దూరి లోపల గడియ పెట్టుకున్నాడనుకోండి. వంటింట్లో కుండ నిండా చేపల పులుసు. రోజుల తరబడి తింటాడు. ముళ్ళెక్కడ పారేస్తాడు? తలుపు తీస్తే దొరికిపోతాడు, నేల మీద వేస్తే కాళ్ళకు గుచ్చుకుంటాయి. క్రిమి ఎర్ర రక్తకణంలో దూరినప్పుడు సరిగ్గా ఇదే చిక్కు. పులుసు హీమోగ్లోబిన్. ముక్కలు దానిలోని ప్రోటీన్: క్రిమి దాన్ని అమైనో ఆమ్లాలుగా విడగొట్టుకుని తినేస్తుంది. మిగిలిన ముళ్ళు హీమ్, అంటే ఇనుము ఉన్న భాగం. విడిగా ఉన్న హీమ్, కణం చుట్టూ ఉండే పొరల్ని చీలుస్తుంది, ఆక్సీకరణతో కణాన్ని పాడుచేస్తుంది. మన ఒంట్లో హీమ్‌ను ముక్కలు చేయడానికి హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైముంది. క్రిమికి ఆ సౌకర్యం లేదు. అందుకని రెండేసి హీమ్ అణువుల్ని జతకట్టి, ఆ జతల్ని హైడ్రోజన్ బంధాలతో వరసగా పేర్చి, నీటిలో కరగని స్ఫటికంగా మార్చేస్తుంది. ఆ కట్టే హీమోజోయిన్. మూలన పేర్చి ఉన్నంతకాలం దొంగకు ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే ముదురు గోధుమరంగులో, దాదాపు నల్లగా, మైక్రోస్కోపు కింద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ మలేరియా క్రిమిని పట్టుకున్నది కూడా ఈ నలుపు వెంట పడే.

ఇక 1897, బేగంపేట. ఆగస్టు ఉక్క. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమల పొట్టలు కోస్తున్నాడు. పంఖా వేసుకుంటే దోమలు ఎగిరిపోతాయి, అందుకని గాలి లేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, కన్ను ఆనించి చూసే గాజుల్లో మిగిలిన ఒక్కటీ పగిలి ఉంది. ఆగస్టు 16న రెక్కల మీద మచ్చలున్న దోమల్ని హుస్సేన్ ఖాన్ అనే రోగి మీద వదిలాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. 20న కోసిన దోమ పొట్ట గోడలో సుమారు 12 మైక్రాన్ల వెడల్పున గుండ్రటి కణం, అందులో నల్లటి రేణువుల గుంపు. దోమ కణాల్లో అలాంటివి ఉండవు. రోగి నెత్తుట్లోని నెలవంక ఆకారపు క్రిముల్లో మాత్రం అచ్చం అవే ఉన్నాయి. మర్నాడు చివరి దోమను కోస్తే కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే అవి పెరుగుతున్నాయి, ప్రాణమున్నవి.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. పొట్ట గోడలోని ఆ దశలో క్రిమి హీమోగ్లోబిన్ తినదు. రాస్ చూసిన రేణువులు దోమలో తయారైనవి కావు. హుస్సేన్ ఖాన్ ఎర్ర రక్తకణాల్లో పేర్చిన ముళ్ళ కట్టే. దొంగ ఇల్లు మారుతూ దాన్ని చంకన పెట్టుకుని పోయాడు!

ఆ రోజుల్లోనే రాస్ పద్యం కట్టాడు. దేవుడు కరుణించి అద్భుతాన్ని చేతిలో పెట్టాడనీ, లక్షలమందిని చంపే మృత్యువు విత్తనాలు దొరికాయనీ, ఈ చిన్న వస్తువు వేలాదిమందిని కాపాడుతుందనీ, ఓ మరణమా నీ కాటేదీ అనీ. ‘లక్షలమందిని చంపే’ అన్న విశేషణం కొత్తదేమీ కాదు. అంతకు కొన్నేళ్ళ ముందు, కారణమేమిటో చూపించమని దేవుణ్ణి వేడుకున్న పద్యంలోనూ వాడాడు. అప్పుడు మొక్కు, ఇప్పుడు మొక్కు చెల్లింపు. లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, ఉజ్జయిని మహంకాళి బోనాల కథ కూడా ఇంతే కదా: 1813లో మహమ్మారి వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న మన పటాలం వాళ్ళు మొక్కుకుని, తిరిగొచ్చి అమ్మవారిని నిలిపారని చెబుతారు. బోనమెత్తే ఆడవాళ్ళని మూఢనమ్మకమని వెక్కిరిస్తూ, రాస్ పద్యాన్ని శాస్త్రజ్ఞుడి ఉదాత్తత అని మెచ్చుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. భయపడ్డ మనుషులు గండం గడిచాక చేసే పనే ఇద్దరూ చేశారు.

పైగా ఆ పద్యం సాక్ష్యం కంటే ముందు పరుగెత్తింది. పొట్టలో క్రిమి ఉందని తేలిందే గానీ, అక్కణ్ణుంచి మనిషికెలా చేరుతుందో రాస్‌కు అప్పటికి తెలియదు. దోమ చచ్చిన నీళ్ళు తాగితే వస్తుందని ఆయన గురువు మాన్సన్ ఊహ. 1898 జులైలో కలకత్తాలో, పక్షుల మలేరియా మీద పనిచేస్తూ, క్రిములు దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం చూశాకే కాటు సంగతి బయటపడింది. మనుషుల మలేరియాలో పూర్తి చక్రాన్ని ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రజ్ఞుడి బృందం చూపించింది. 1902 నోబెల్ రాస్ ఒక్కడికే వచ్చింది, రాస్, గ్రాసీల తగవు చాలాకాలం నడిచింది.

ఆ చిన్న వస్తువు కాపాడుతుందన్న మాట మాత్రం రాస్ అనుకోని దారిలో కూడా నిజమైంది. క్లోరోక్విన్ అనే మలేరియా మందు పనిచేసేది ఆ ముళ్ళ కట్ట దగ్గరే. క్రిమి భోజనం చేసే ఆమ్లపు సంచిలోకి మందు దూరుతుంది. అక్కడ ప్రోటాన్లు అంటుకుని బయటికి రాలేక పోగవుతుంది. పెరుగుతున్న స్ఫటికానికి అడ్డుపడుతుంది. ముళ్ళు పేర్చుకునే వీల్లేక, అవే గుచ్చుకుని దొంగ చస్తాడు. దానికి విరుగుడుగా ఫాల్సిపారం అనే జాతి మలేరియా క్రిమి తన సంచి గోడలోని పీఎఫ్‌సీఆర్‌టీ అనే ప్రోటీన్‌ను మార్చుకుంది. అందులో 76వ స్థానంలో లైసిన్ పోయి త్రియోనిన్ వచ్చింది, మందును బయటికి గెంటేయడం మొదలైంది. అందుకే మన దేశంలో వైవాక్స్ అనే మరో జాతి క్రిమికి ఇంకా క్లోరోక్విన్ ఇస్తున్నా, ఫాల్సిపారంకు ఆర్టెమిసినిన్ జాతి మందును వేరొకదానితో కలిపి ఇస్తారు. ఆర్టెమిసినిన్‌లో రెండు ఆక్సిజన్ల మధ్య ఒక బంధముంది. హీమ్‌లోని ఇనుము తగిలితే అది తెగి, మందు చురుకెత్తి, చుట్టుపక్కల ప్రోటీన్లను పాడుచేస్తుంది. దొంగ ఎంత తింటే అంత ఇనుము, మందుకు అంత పదును.