పాత కారులో చెక్ ఇంజిన్ లైటు: అపోహలు - వాస్తవాలు

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్టు పోయిందో అదే చెప్పేస్తుంది.

వాస్తవం: స్కానర్ చూపేది ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) గమనించిన లక్షణాన్నే గానీ, పాడైన పార్టు పేరును కాదు. పాత పెట్రోలు కార్లలో తరచుగా వచ్చే పీ0171 కోడ్‌కు అర్థం, ఇంజిన్‌కు అందుతున్న మిశ్రమంలో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని మాత్రమే. ఈ కోడ్ కనిపించగానే, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్‌ను మార్చేయడం చాలా షెడ్లలో అలవాటైపోయింది. గాలి ఎక్కువైందని ఫిర్యాదు చేసిందే ఆ సెన్సార్ కనుక, చాలాసార్లు అది తన పని సక్రమంగా చేస్తున్నట్టే లెక్క.

వేరే చోట అలా రెండుసార్లు సెన్సార్ మార్పించుకున్నాక, 2012 మోడల్ కారు ఒకటి నా దగ్గరికి వచ్చింది. లైవ్ డేటా చూస్తే, ఐడిలింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ 24 శాతం, అంటే ఈసీయూ తన లెక్క కంటే అంత ఎక్కువ పెట్రోలు పోయవలసి వస్తోంది. 2500 ఆర్పీఎంకు తీసుకెళ్తే అది 6కు పడిపోయింది. థ్రాటిల్ (ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలోని తలుపు) మూసి ఉన్నప్పుడు ఇంజిన్ పీల్చే గాలే కొద్దిపాటిది కాబట్టి దొంగగాలి, అంటే ఎక్కడో చీలిక గుండా లెక్కలోకి రాకుండా చొరబడే గాలి, ప్రభావం పెద్దదిగా కనిపిస్తుంది, థ్రాటిల్ తెరుచుకుంటే ఆ గాలి మొత్తంలో కలిసిపోతుంది. పెట్రోలు పంపు బలహీనపడితే వరస సాధారణంగా తిరగబడి, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంది. చేతి అద్దం పెట్టి వెతికితే, క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు పెట్టె) నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలి పంచే గొట్టానికి) వెళ్లే రబ్బరు పైపు అడుగుభాగాన గోరంత చీలిక దొరికింది. దానిమీద వేలు అదిమి పట్టగానే స్కానర్‌లో అంకె 4కు దిగింది. ఆ చిన్న పైపు మార్చడంతో పని పూర్తయింది.

అపోహ: బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే లైటు ఆరిపోతుంది, రిపేరు అయిపోయినట్టే.

వాస్తవం: చాలా కార్లలో ఆరిపోయే మాట నిజమే. అయితే కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. లోపం నమోదైన క్షణాన ఇంజిన్ వేడి, వేగం, ఆర్పీఎం ఎంతున్నాయో రాసిపెట్టిన చీటీ అది. దాన్ని చెరిపేసి బండి తెచ్చేవారి పనికే నాకు ఎక్కువ సమయం పడుతుంది. అసలు లోపం అలాగే ఉంటే, కొన్ని రోజుల్లో లైటు మళ్లీ వెలుగుతుంది.

అపోహ: ఏ పాత కారుకైనా, కోడ్‌ను ఫోన్‌లో చూపే చవక బ్లూటూత్ అడాప్టర్ పనిచేస్తుంది.

వాస్తవం: మన దేశంలో కార్లకు ఓబీడీ (బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా నమోదు చేసే వ్యవస్థ) మొదటి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. అంతకుముందు బండ్లలో కొన్నింటికి కంపెనీ స్కానరే కావాలి.

అపోహ: లైటు వెలిగినా, మిణుకుమిణుకుమన్నా ఒకటే.

వాస్తవం: నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తూ, ఆయిల్ ప్రెషర్ లైటు గానీ ఇంజిన్ వేడి హెచ్చరిక గానీ లేకపోతే షెడ్డుదాకా నెమ్మదిగా నడిపి తేవచ్చు. మిణుకుమంటే మాత్రం తీవ్రమైన మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) అవుతున్నట్టు. మండని పెట్రోలు, పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండితే, లోపలి తేనెపట్టులాంటి దిమ్మె కరిగిపోతుంది. వెంటనే వేగం తగ్గించి బండిని పక్కకు ఆపి, ముందుగా ఇగ్నిషన్ కాయిల్, స్పార్క్ ప్లగ్గులు చూపించాలి.