జబ్బు రాకముందే పలకరించమన్న మనిషి

చిరంజీవులకు,

పరీక్షరోజు పొద్దున మీలో కొందరికి కడుపులో తిప్పుతుంది, అరచేతులు చెమటపడతాయి. బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నారని ఇంట్లో ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. భయం పుట్టగానే మెదడు మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతుంది. అవి అడ్రినలిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కడుపుకు చేరవలసిన రక్తం కండరాలకు మళ్ళుతుంది, అరుగుదల మందగిస్తుంది. ఆ బాధ నూటికి నూరుపాళ్ళు నిజం.

మనసుకూ ఒంటికీ ఉన్న ఈ పొత్తును వైద్యులు పట్టించుకోవాలని జీవితమంతా పాటుపడిన మనస్తత్వవేత్త జోసెఫ్ మాటరాజో. 1925లో ఇటలీలో పుట్టి అమెరికాలో పెరిగారు. 1957లో ఆరెగాన్ రాష్ట్రంలోని వైద్య కళాశాలలో మెడికల్ సైకాలజీ, అంటే వైద్య మనస్తత్వశాస్త్ర, విభాగం నెలకొల్పారు. మరో శాఖ కింద ఒదిగి ఉండకుండా సొంతంగా నిలబడిన అలాంటి విభాగం అమెరికా వైద్య కళాశాలల్లో అదే మొదటిది.

ఆయన బృందం చేసిన ఒక ప్రయోగం నాకెంతో ఇష్టం. ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థులతో ముప్పావుగంట ముచ్చటించారు. నడిమి పావుగంటలో మాత్రం ప్రశ్నించే వ్యక్తి తల ఆడిస్తూ విన్నాడు. ఆ పావుగంటలో అభ్యర్థుల జవాబులు పొడవయ్యాయి. మరోసారి ఊఁ కొడుతూ విన్నా అంతే. అమ్మమ్మ కథ చెబుతుంటే మీరు ఊఁ కొట్టినకొద్దీ కథ సాగుతుంది కదా, అలాగే. తర్వాత వ్యోమగాములు భూకేంద్రంతో జరిపిన సంభాషణలను కొలిచారు. కింది మనిషి ఎక్కువసేపు మాట్లాడినప్పుడు పైనున్నవారూ ఎక్కువసేపు మాట్లాడారు. రోగి తన బాధ ఎంతవరకు బయటపెడతాడన్నది వినేవారి చేతిలోనూ ఉందని నాకు దీనివల్లే అర్థమైంది. అయిదు నిమిషాల్లో చీటీ రాసి పంపే వైద్యులందరూ ఇది చదవాలి.

1960లోనే ఆయన మనోవైద్యుడు జార్జ్ సాస్లోతో కలిసి పొగతాగేవారి స్వభావాలపై సమీక్షావ్యాసం రాశారు. పొగ వల్ల ఊపిరితిత్తుల కేన్సర్ వస్తుందని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య అధినేత అయిన సర్జన్ జనరల్ నివేదిక ప్రకటించింది 1964లో. పొగతాగడం, అతిగా తినడం, కదలకుండా కూర్చోవడం, ఇవన్నీ అలవాట్లు. అలవాటు ఎలా పడుతుందో, ఎలా పోతుందో తెలిసినవారు ఆసుపత్రి బయటే ఉండిపోతే ఎలా?

1978లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో ఆరోగ్య మనస్తత్వశాస్త్ర విభాగం ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. 1989లో ఆ సంస్థ మొత్తానికి అధ్యక్షత వహించారు. పదవులకన్నా నాకు విలువైనది 1980లో ఆయన రాసిన వ్యాసం. ఒంట్లో ఏ జబ్బూ లేనివారిని ఆరోగ్యంగా నిలబెట్టడం మనస్తత్వవేత్తల బాధ్యతేనని అందులో వాదించారు. ఆ మాట ముందుగా వర్తించేది మీ వయసువారికే.

కాబట్టి కడుపునొప్పి తగ్గకపోతే వైద్యునికి చూపించుకోండి. దానితోపాటు మీ మనసును ఏది తొలుస్తోందో కూడా చెప్పండి. ఇంట్లో చెప్పుకోవడానికి మొహమాటమైతే, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రేమతో,
మీ తాతయ్య