ఉద్యోగంలో గ్యాప్: హన్మకొండలో తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఉద్యోగాలు చూసిపెట్టడం నా పని. ఆసుపత్రులు, ప్రైవేటు స్కూళ్లు, ఆడిటర్ ఆఫీసులు, మడికొండ వైపు ఐటీ కంపెనీలు మనుషులు కావాలని మాకు ఫోన్ చేస్తుంటాయి. పిల్లల కోసం ఉద్యోగం మానేసి, మళ్లీ చేద్దామని మా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు ఒకే మాటతో మొదలుపెడతారు: "ఇన్నేండ్లు ఇంట్లనే ఉన్న మేడం, నన్నెవరు తీసుకుంటరు?" నేను చూసినంతలో గ్యాప్ ఉందని చేజారిన ఉద్యోగాలు తక్కువ. గ్యాప్‌ను దాచబోయి పోగొట్టుకున్నవి, కాగితాలు సరిగ్గా లేక ఆగిపోయినవి ఎక్కువ.

అపోహ: రెండు మూడేళ్లు దాటితే రెజ్యూమె చూడరు.

వాస్తవం: అది మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. అకౌంట్స్ సంగతే తీసుకోండి. 2016లో మానేసిన అకౌంటెంట్‌కు వ్యాట్ తెలుసు. జీఎస్టీ వచ్చింది 2017 జులై 1న. ఇప్పుడు ఆడిటర్ ఆఫీసుకు వెళ్తే ఇన్నేళ్లు ఏం చేశారని ఎక్కువసేపు అడగరు. ఒక షాపు పర్చేజ్ రిజిస్టర్ ముందు పెట్టి, జీఎస్టీఆర్-2బీతో (సప్లయర్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే నెలవారీ జాబితా) సరిచూడమంటారు. ఏ బిల్లు 2బీలో కనిపించడం లేదు, సప్లయర్ రిటర్న్ వేయలేదా, జీఎస్టీ నంబరు తప్పు పడిందా, ఆ బిల్లు మీద కట్టిన పన్నుకు క్రెడిట్ ఈ నెల తీసుకోవచ్చా? ఇవి చెప్పగలిగితే గ్యాప్ గురించి ఇంకో ప్రశ్న రాదు. చెప్పలేకపోతే మాత్రం నిన్నటి దాకా ఉద్యోగం చేసినవాళ్లనైనా పంపించేస్తారు. అందుకే వచ్చేముందు తెలిసినవాళ్ల ఆఫీసులో కొన్నాళ్లు కూర్చుని రిటర్నులు వేయడం నేర్చుకోండి. జీతం ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

టీచర్లకు ఒక మంచి మాట. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) అర్హత ఏడేళ్లకే పోతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. అది జీవితకాలం చెల్లుతుందని 2021లోనే కేంద్రం ప్రకటించింది. 2011 నుంచి రాసినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. బీరువాలో ఉన్న ఆ సర్టిఫికెట్ బయటికి తీయండి. నర్సులు, ఫార్మసిస్టులైతే ముందు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ సంగతి చూసుకోవాలి. అది లేకుండా ఇంటర్వ్యూకు వెళ్లడం దండగ.

సాఫ్ట్‌వేర్ మాత్రం కష్టమే, తీపి మాటలు చెప్పను. ఐదారేళ్లు దూరంగా ఉంటే పాత హోదా వెంటనే దొరకడం అరుదు. ఇలా తిరిగి వచ్చేవాళ్ల కోసమే పెట్టిన ప్రత్యేక ఇంటర్న్‌షిప్‌లు ఉన్నాయి. టాటా గ్రూపు, గోల్డ్‌మన్ శాక్స్ రెండూ 2008లోనే ఇలాంటివి మొదలుపెట్టాయి. కొన్ని నెలలు జీతంతో పని చేయించుకుని, నచ్చితే ఉంచుకుంటారు. మామూలు ఓపెనింగ్‌లకు వంద అప్లికేషన్లు పెట్టేకంటే వీటి మీద దృష్టి పెట్టడం మేలు.

అపోహ: ఒక ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొనుక్కుంటే గ్యాప్ కనిపించదు.

వాస్తవం: అమీర్‌పేటలో ఎవరో ఇప్పిస్తారట అని మా దగ్గర కూర్చునే అడుగుతారు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక జరిగే వెరిఫికేషన్ గురించి వీళ్లకు ఎవరూ చెప్పరు. కంపెనీ మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల నంబరు) సర్వీస్ హిస్టరీ అడుగుతుంది. ఏ సంస్థలో ఏ తేదీన చేరారు, ఎప్పుడు మానేశారు అన్నీ అందులో వరసగా ఉంటాయి. మీరు మూడేళ్లు చేశానన్న కంపెనీ పేరు అక్కడ ఉండదు. పెద్ద జీతం చూపించి ఉంటే, ఆదాయపు పన్ను శాఖ రికార్డైన ఫారం 26ఏఎస్‌లో ఆ కంపెనీ జీతంలో కోసిన పన్ను (టీడీఎస్) ఏదని అడుగుతారు. బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. చేరిన ఆర్నెల్లకు బయటపడినా తీసేస్తారు, అప్పుడు రిలీవింగ్ లెటర్ కూడా చేతికి రాదు. అంతకుముందున్నది గ్యాప్ ఒక్కటే, ఇప్పుడు దానికి అబద్ధం తోడవుతుంది. ఇలా అడిగేవాళ్ల ఫైలు నేను పక్కన పెట్టేస్తాను.

మరి ఏం చెప్పాలి? రెండు మూడు వాక్యాలు చాలు. "2019లో పాప పుట్టాక మానేశాను. ఇప్పుడు స్కూలుకు వెళ్తోంది. కొన్ని నెలలుగా టాలీ ప్రైమ్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ రిటర్నులు చేస్తున్నాను." అక్కడితో ఆపండి. అత్తగారి ఆపరేషన్, ఆయన ట్రాన్స్‌ఫర్, అద్దె ఇల్లు మారడం, ఇవన్నీ చెప్పుకుంటూ పోతే ఎదుటివాళ్లకు లేని అనుమానం పుడుతుంది. పిల్లలను ఎవరు చూసుకుంటారని ఆడవాళ్లను మాత్రమే అడుగుతారు, అది అన్యాయమే. అయినా జవాబు సిద్ధంగా పెట్టుకుని వెళ్లండి.

అపోహ: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉన్నాయి, ఇక ఇబ్బంది ఉండదు.

వాస్తవం: మా దగ్గర ఎక్కువ రోజులు ఆగిపోయే కేసులు ఇవే. పదో తరగతి మెమో మీద పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు వేయించుకుని ఉంటారు. పాన్‌లో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరమే ఉంటుంది. పాత కంపెనీ పీఎఫ్‌లో మరో స్పెల్లింగ్. కేవైసీ కుదరదు, పాత పీఎఫ్ కొత్త ఖాతాకు బదిలీ కాదు, హెచ్‌ఆర్ వాళ్లు రోజూ ఫోన్ చేసి విసిగిపోతారు. ఇంటర్వ్యూలకు ముందే ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ చూసుకోండి. తేడా ఉంటే ముందు ఆధార్, పాన్ ఒకేలా చేయించి, తర్వాత పీఎఫ్‌లో మార్పుకు జాయింట్ డిక్లరేషన్ (వివరాలు సరిచేయమనే దరఖాస్తు) పెట్టాలి. ఇంకొకటి: పాత కంపెనీ మీరు మానేసిన తేదీని పీఎఫ్ పోర్టల్‌లో వేసిందో లేదో చూడండి. వేయకపోతే కాగితం లెక్కన మీరు ఇంకా అక్కడే పని చేస్తున్నట్టు. దాని కోసం ఆ కంపెనీ చుట్టూ తిరగనక్కర్లేదు. చివరి పీఎఫ్ చందా పడి రెండు నెలలు దాటితే, ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు.

అపోహ: మూడేళ్లు దాటితే పీఎఫ్‌కు వడ్డీ రాదు, తీసేసుకోవడమే మంచిది.

వాస్తవం: 36 నెలలు చందా పడకపోతే వడ్డీ ఆగే నిబంధన ఒకప్పుడు నిజంగానే ఉండేది. 2016లో మారింది. ముప్పైల్లో మానేసినవాళ్ల ఖాతాకు వడ్డీ పడుతూనే ఉంటుంది. పైగా పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్‌కు మొత్తం పదేళ్ల సర్వీసు కావాలి. గ్యాప్‌కు ముందు చేసిన ఆరేళ్లు, తర్వాత చేసే నాలుగేళ్లు కలుస్తాయి, మధ్యలో పెన్షన్ వాటా తీసేసుకోకుండా ఉంటేనే. బంగారం కొందామని ఆ డబ్బు తీసేసినవాళ్లు మళ్లీ మొదటి ఏడాది నుంచి లెక్కపెట్టుకోవాలి.

అపోహ: కొత్తగా చేరితే ఏడాది దాకా మెటర్నిటీ లీవు ఉండదు.

వాస్తవం: ప్రసవం తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు. మెటర్నిటీ చట్టానికి 2017లో చేసిన సవరణకు ముందు అది 12 వారాలే. పది మంది పని చేసే చోట కూడా ఇది వర్తిస్తుంది, 50 మంది, అంతకంటే ఎక్కువ ఉంటే క్రెష్ (పిల్లలను చూసుకునే చోటు) సదుపాయం కూడా ఉండాలి. మన ఊళ్లో క్రెష్ గురించి అడిగేవాళ్లు దాదాపు లేరు, అందుకే పెట్టేవాళ్లూ లేరు.

అపోహ: ఇల్లు నడపడాన్ని పెద్ద హోదాలా రాస్తే మార్కులు పడతాయి.

వాస్తవం: పడవు. "హోమ్ మేనేజర్, 2017 నుంచి 2024" అని రాసుకొచ్చిన రెజ్యూమెను చూసి అవతల నవ్వుకుంటారు. ఇంటి పని చిన్నదని కాదు, ఆ ఉద్యోగానికి దానితో సంబంధం లేదని. సంబంధం ఉన్నదేదైనా చేసి ఉంటే రాయండి. ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పారా, అన్నయ్య షాపు లెక్కలు చూశారా, అది అసలైన అనుభవం.

అమెరికాలో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉండి వచ్చినవాళ్లు అనవసరంగా సిగ్గుపడతారు. అక్కడ పని చేయడానికి అనుమతి లేకనే చేయలేదు. 2015 నుంచి హెచ్-4 వాళ్లలో కొందరికి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు, అందరికీ కాదు. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాస్తే చాలు. ఊళ్లు తిరగడానికి ఏడాది మానేసిన కుర్రాళ్ల సంగతి ఇంకా తేలిక. లదాఖ్ ఫొటోలు చూపించకుండా, మళ్లీ అలా వెళ్లిపోరు కదా అన్న ప్రశ్నకు సూటిగా జవాబిస్తే సరిపోతుంది.

అపోహ: ఉద్యోగం కావాలంటే హైదరాబాద్ పోవాల్సిందే.

వాస్తవం: మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ సెంటర్లు 2020 జనవరిలోనే మొదలయ్యాయి. కరీంనగర్‌లో ఐటీ టవర్ అదే ఏడాది, నిజామాబాద్‌లో ఐటీ హబ్ 2023లో వచ్చాయి. హైదరాబాద్‌తో పోల్చితే ఓపెనింగ్‌లు తక్కువే, జీతం కూడా తక్కువే. కానీ కాజీపేట నుంచి సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల పైమాటే. రోజూ రైలెక్కి దిగుతూ చిన్న పిల్లలను చూసుకున్నవాళ్లు ఎక్కువ కాలం నిలబడటం నేను చూడలేదు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, జనగామ, పరకాల, హుజూరాబాద్ నుంచి హన్మకొండకు వచ్చి చేసే ఉద్యోగాలు ఇప్పుడు గిట్టుబాటు అవుతున్నాయి. పదిహేను వేల జీతంలో నెలనెలా బస్సు ఖర్చు మిగలడం చిన్న విషయం కాదు.

స్కూలు ఉద్యోగాలు చూసేవాళ్లు బడులు తెరిచాక జూన్‌లో వస్తే లాభం లేదు. ఇంటర్వ్యూలు, డెమో క్లాసులు మార్చి నుంచి మే లోపే అయిపోతాయి. జూన్ తర్వాత మిగిలేవి ఎవరో మధ్యలో మానేసిన ఖాళీలే, వాటికి జీతం గురించి బేరం ఆడే వీలుండదు. ఫిబ్రవరి చివరికల్లా రెజ్యూమె ఇచ్చి పెట్టండి.