ఫ్రీజర్‌లో టోఫు పసుపు రంగులోకి మారిందా? పారేయకండి, ముందు ఇది చదవండి

ఎండలు ముదిరాయంటే చాలు, నా వాట్సాప్‌కి ఒకే రకం ఫొటోలు రావడం మొదలవుతుంది. స్టీలు ప్లేటులో గడ్డకట్టిన టోఫు దిమ్మ, రంగు లేత పసుపు నుంచి దాదాపు తేనె రంగు దాకా ఎలాగైనా ఉండొచ్చు, కింద మాత్రం అదే ప్రశ్న: "మేడమ్, ఇది పాడైపోయిందా?" ఫొటో పెట్టి అడిగేవాళ్లు నయం. అడక్కుండా చెత్తబుట్టలో వేసేసి, తర్వాతెప్పుడో కలిసినప్పుడు "ఈసారి మీ టోఫు బాలేదండీ, ఫ్రీజర్‌లో పెట్టినా పాడైంది" అనేవాళ్లే ఎక్కువ.

నేను హైదరాబాద్‌లో చిన్న టోఫు యూనిట్ నడుపుతున్నాను. సోయా నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, మరిగించి, విరగ్గొట్టి, బట్టలో వేసి బరువు పెట్టడం, రోజూ ఇదే పని. కిలో తీసుకుంటే ధర కలిసొస్తుందని చాలామంది ఒకేసారి తీసుకుంటారు, ఇంట్లో ఉండేది ఇద్దరో ముగ్గురో, అది తరగదు, మిగిలింది ఫ్రీజర్‌లోకి పోతుంది. మంచి పనే. ఆ తర్వాత మొదలవుతుంది టెన్షన్. చెప్పిందే చెప్పి విసుగొచ్చింది కాబట్టి ఇక రాసి పెట్టేస్తున్నాను, అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా.

"పసుపు రంగు వచ్చిందంటే పాడైనట్టే"

కాదు. ఫ్రీజర్‌లో పెట్టిన టోఫు పసుపెక్కడం మామూలే. అసలు ఏమాత్రం మారలేదంటే అది లోపలిదాకా గడ్డకట్టిందో లేదో చూసుకోండి.

ఎందుకలా అంటే, టోఫులో ఎక్కువ భాగం నీళ్లే. గట్టి టోఫులోనే నూటికి డెబ్భై, ఎనభై వంతులు నీళ్లు, మెత్తటి సిల్కెన్ అయితే తొంభైకి దగ్గర. ఆ నీళ్లు మంచుగా మారేటప్పుడు ఒంటరిగా గడ్డకడతాయి, తమతో పాటు ఉన్న ప్రొటీన్‌నీ, సోయాకి పుట్టుకతో వచ్చిన ఆ లేత పసుపునీ పక్కకి నెట్టేస్తాయి. ఇదివరకు దిమ్మంతా పలచగా పరుచుకుని కంటికి ఆనని రంగు కాస్త చోటులోకి ఇరుక్కుని చిక్కబడేసరికి బయటపడుతుంది. కరిగాక నీళ్లు మళ్లీ కలుస్తాయి, రంగు పలచబడుతుంది, టోఫు దాదాపు మొదటి తెలుపుకి వచ్చేస్తుంది. మేం నిగారితో (సముద్రపు నీళ్ల నుంచి ఉప్పు తీశాక మిగిలే చేదు లవణం) విరగ్గొట్టినా, కాల్షియం సల్ఫేట్‌తో విరగ్గొట్టినా, మీరు ఇంట్లో నిమ్మరసంతో చేసుకున్నా ఇదే జరుగుతుంది. కెమికల్ ఏదో కలిపారు, అది ఫ్రీజర్‌లో బయటపడింది అని తిరుగుతున్న మెసేజ్‌కి ఇంతకన్నా మర్యాదగా జవాబివ్వడం నాకు చేతకాదు.

ఒకసారి రాత్రి పొద్దుపోయాక ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ల బాబుకి పాలు పడవు, అలర్జీ. పనీర్, పెరుగు ఏదీ పెట్టడానికి లేదు, అందుకే వారంలో రెండు మూడుసార్లు టోఫు. ఫ్రీజర్ తెరిచి చూస్తే దిమ్మలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయట, అందులో ఒకటి ముందురోజే బాబు తిన్నాడు. "ఆస్పత్రికి తీసుకెళ్లాలాండీ?" అని అడుగుతుంటే గొంతు వణుకుతోంది. బాబు ఎలా ఉన్నాడమ్మా అంటే నిద్రపోతున్నాడు, బాగానే ఆడుకున్నాడు అంది. మిగిలినవి ఏం చేశారంటే, ఒక్కటి తప్ప అన్నీ పారేసింది. ఆ ఒక్కటీ ఫొటో తీసి నాకు పంపడానికి ఉంచిందట. దాన్ని గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి దించమన్నాను, పొద్దున చూడమన్నాను. పొద్దున ఇంకో ఫొటో వచ్చింది, తెల్లటి దిమ్మ, చుట్టూ పసుపు నీళ్లు. ఇలాంటి తల్లుల మీద నాకు కోపం రాదు. పిల్లాడికి ఏదో అయిపోతుందేమోనన్న భయంలో ఉన్న మనిషికి సోయా రంగు గురించి ఎవరు చెప్పారు కనక? నా కోపమంతా తెలియకపోయినా గ్రూపులో "పసుపు టోఫు = విషం" అని పెట్టి నిద్రపోయేవాళ్ల మీద.

అయితే ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. గడ్డకట్టినప్పుడు దిమ్మంతా ఒకేలా వచ్చే పసుపు వేరు, ఫ్రిజ్ కింది అరలో ఉన్న టోఫుకి, గడ్డకట్టకుండానే, అంచుల్లోనో పైనో వచ్చే పసుపు వేరు. రెండోదాన్ని వేలితో రాస్తే జిగటగా తగులుతుంది, నీళ్లు తెల్లగా మసకబారి ఉంటాయి, మూత తీయగానే పులిసిన వాసన కొడుతుంది. అది పాడైనది. గులాబీ, ఆకుపచ్చ, నల్ల మచ్చలు కనబడినా, ప్యాకెట్ ఉబ్బినా అంతే, మచ్చ కోసేసి మిగతాది వండుకునే పొదుపు టోఫు దగ్గర పనికిరాదు. నాకు వింతగా అనిపించేది ఇదే: ఫ్రీజర్‌లో ఉన్న మంచిదాన్ని రంగు చూసి పారేస్తారు, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉండి కాస్త జిగురొచ్చినదాన్ని మాత్రం "ఇంక ఆగేలా లేదు" అని తీసి ఫ్రీజర్‌లో పెడతారు! ఫ్రీజర్ దేన్నీ బాగుచేయదు. ఎలా ఉన్నదాన్ని పెడితే అలాగే ఆపుతుంది. గడ్డకట్టినంత మాత్రాన బాక్టీరియా చచ్చిపోదు, చాలావరకు నిద్రపోతుంది, కరగ్గానే లేస్తుంది. కాబట్టి పెట్టేదేదో తెచ్చిన రోజునే, మహా అయితే మర్నాడు పెట్టేయండి.

"చిల్లులు పడ్డాయి, పిండితే మళ్లీ ఉబ్బుతోంది, ఇది ప్లాస్టిక్ టోఫు"

వీడియోలో ఒకాయన పిండి చూపిస్తాడు, నీళ్లు కారతాయి, వదలగానే మళ్లీ పైకి లేస్తుంది, వెనకాల భయంకరమైన మ్యూజిక్. అది ప్లాస్టిక్ కాదు బాబూ, ఒకసారి గడ్డకట్టి కరిగిన టోఫు. నీళ్లు మంచుగా మారితే దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ చోటు కావాలి. ఆ మంచు ముక్కలు టోఫు లోపల చోటు చేసుకుంటాయి, వాటి మధ్య నలిగిన ప్రొటీన్ గోడలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోతాయి, మంచు కరిగి నీళ్లు పోయినా ఆ గోడలు విడిపోవు. మిగిలేవి చిల్లులు. కత్తితో అడ్డంగా కోసి వెలుతురుకి పట్టి చూడండి, మధ్యలో పొరలు పొరలుగా, అంచుల దగ్గర సన్నటి చిల్లులతో కనిపిస్తుంది. ఇంటి ఫ్రీజర్ మెల్లగా గడ్డకట్టిస్తుంది, అందుకే చిల్లులు పెద్దవి. నమలడానికి నానబెట్టిన మీల్‌మేకర్‌కి దగ్గరగా ఉంటుంది, కాకపోతే దానికున్న ఆ వాసన ఉండదు.

దీన్ని లోపం అనుకునేది మనమే. జపాన్‌లో కావాలని ఇలా చేస్తారు. వాకాయామా ప్రాంతంలో కోయాసాన్ అనే బౌద్ధ క్షేత్రం ఉంది, దాని పేరుమీదే అక్కడ గడ్డకట్టించి ఆరబెట్టిన టోఫుని కోయాదోఫు అంటారు. చలి ఎక్కువుండే నాగానోలో పూర్వం శీతాకాలం రాత్రుళ్లు టోఫు ముక్కల్ని బయటపెట్టి గడ్డకట్టించేవారు, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో గడ్డకట్టించాక కూడా రెండు మూడు వారాలు సున్నాకి కాస్త దిగువన ఉంచి మరీ ఆరబెడతారు, ఆ గోడలు గట్టిపడాలని. ఉత్తర చైనాలో కూడా గడ్డకట్టించిన టోఫుని హాట్‌పాట్‌లో, అంటే బల్ల మీదే మరుగుతుండే రసంలో వేస్తారు, చిల్లుల్లోకి రసం దిగుతుందని. మన చిల్లీ టోఫుకి, పులుసుకి కావాల్సింది కూడా అదే కదా. మామూలు టోఫుకి మసాలా పైపైనే పడుతుంది, లోపల చప్పగా ఉంటుందని ఫిర్యాదు చేసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి చూడండి.

"పొద్దున తీసి గట్టు మీద పెడితే సాయంత్రానికి కరుగుతుంది"

కరుగుతుంది. ఇది మాత్రం నిజంగా ప్రమాదం, రంగు గురించి పడే భయంలో సగమైనా ఇక్కడ పడండి. ఆఫీసుకి వెళ్తూ బయటపెట్టి, తిరిగొచ్చాక వండుకునే ఇళ్లు నాకు చాలా తెలుసు. మధ్యలో ఇంకా గట్టిగానే ఉంటుంది, కానీ పైపొర గంటలో కరిగి మిగతా రోజంతా మన వంటింటి వేడిలో కూర్చుంటుంది. అయిదు నుంచి అరవై డిగ్రీల మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది, అలాంటి తిండి బయట రెండు గంటలు దాటకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. ఏప్రిల్, మేలో మన వంటగదులు ఎంత ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. "ఎలాగూ బాగా వేయిస్తాం కదా" అంటారు. వేయిస్తే బాక్టీరియా చస్తుంది, కానీ వాటిల్లో కొన్ని ముందే వదిలిపెట్టిన విషం వేడికి పోదు. టోఫుకి పుల్లటి రుచి ఉండదు, ఉప్పు ఉండదు, నిండా ప్రొటీనూ నీళ్లూ. పచ్చడి బయట ఉంటుంది కదా అని దీన్నీ ఉంచలేం.

చేయాల్సింది కష్టమేం కాదు. రేపటి వంటకి ఈ రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి, గిన్నెలో పెట్టి మరీ మార్చండి, లేదంటే కారే నీళ్లు కింద కూరగాయల మీద పడతాయి. పావుకిలో ముక్క తెల్లారేసరికి కరుగుతుంది, అరకిలో దిమ్మకి ఒక రోజు పట్టొచ్చు. మర్చిపోయారా? గడ్డగానే మరుగుతున్న ఉప్పునీళ్లలో వేసి, మధ్యలో గట్టిదనం పోయేదాకా ఉడకనిచ్చి, దించి చల్లార్చి పిండి వెంటనే వండేయండి. మైక్రోవేవ్ అయినా ఫరవాలేదు, అదీ వెంటనే వండేలా ఉంటేనే. అందుకే దిమ్మని దిమ్మగా కాకుండా ఒక పూటకి సరిపోయే ముక్కలుగా కోసి, తడి తుడిచి, ప్లేటులో విడివిడిగా పరిచి గడ్డకట్టాక జిప్ కవర్‌లో వేసుకోమంటాను. కావాల్సినన్ని తీసుకోవచ్చు, మిగతావాటిని కదపక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఫ్రీజర్‌లో పెడితే ప్రొటీన్ మూడింతలు, ఆరింతలు అవుతుందన్నది జిమ్‌లో పుట్టిన మాట. కోయాదోఫులో వంద గ్రాములకి సుమారు యాభై గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, నిజమే, కానీ అది బాగా ఎండబెట్టినది, అందులో నీళ్లు దాదాపు ఉండవు. మీ దిమ్మలో పెట్టకముందు ఎంతుందో తీశాకా అంతే, పిండితే బరువు తగ్గి గ్రాముకి లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది. పోషకాలన్నీ పోతాయన్నదీ అబద్ధమే, పిండిన నీళ్లతో పోయేది కొద్దిగా.

డబ్బాలో నీళ్లతో వచ్చే టోఫుని అలాగే పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, కాకపోతే నీళ్లు ఉబ్బి డబ్బా పగలొచ్చు, ఆ నీళ్లు వంచేసి పెడితే మేలు. సిల్కెన్ మాత్రం పెట్టకండి. పాడవదు, పొరలు పొరలుగా విడిపోతుంది, స్మూతీకి పనికిరాదు, సూపులో వేసుకోవాలి. పనీర్ కూడా ఇలాగే చిల్లులు పడుతుందనుకోవద్దు, టోఫులో ఉన్నన్ని నీళ్లు అందులో ఉండవు, అది పొడిపొడిగా రాలుతుంది. అంచుల్లో తెల్లగా ఎండిపోయినట్టు మచ్చలొస్తే అది గాలి తగిలి ఆరిపోవడం, తింటే ఏం కాదు, రుచి ఉండదు, కోసి పడేయండి. మూడు నెలల్లోపు వాడేయడం మంచిది. సోయా తింటే మగవాళ్లకి ఏదో అవుతుందన్న దాని గురించి నేను మాట్లాడను, ఓపిక లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మాత్రకీ సోయాకీ ఎంత ఎడం ఉండాలో డాక్టర్‌ని అడగండి, అది పుకారు కాదు.

కరెంటు పోతే? తలుపు తీయకుండా ఉంచితే, నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ రెండు రోజుల దాకా, సగం ఉన్నది ఒక రోజు దాకా చల్లదనం పట్టి ఉంచుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైన ఉండే చిన్న పెట్టె మీద అంత నమ్మకం పెట్టుకోకండి. మీ ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం మామూలు రోజుల్లోనే మెత్తగా ఉంటోందంటే టోఫు నెలల తరబడి దాచడానికి అది చాలదు. కరెంటు వచ్చాక ముక్కలో ఇంకా మంచు పలుకులు తగులుతుంటే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు. అలాగే ఫ్రిజ్‌లో కరిగించినది వండకుండా మిగిలితే తిరిగి పెట్టినా తప్పులేదు, ఇంకా గట్టిగా నమిలేలా రావాలని కొందరు కావాలనే రెండుసార్లు పెడతారు. గట్టు మీద కరిగినదాన్ని మాత్రం వద్దు.

వండేముందు రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా ఒత్తండి, మెలిపెట్టి పిండితే పొరలు చీలిపోతాయి. నీళ్లు పసుపుగానే వస్తాయి, దానికి మళ్లీ నాకు ఫొటో పెట్టకండి. సరిగ్గా పిండకపోతే నూనెలో వేయగానే చిట్లి చేతులు కాలతాయి. ఇక మసాలా కలిపేటప్పుడు ఉప్పూ కారం మామూలుగా వేసేదానికన్నా తగ్గించండి, ఈ ముక్క గిన్నెలో ఉన్నదంతా పీల్చేసుకుంటుంది.