ఫ్రీగా వచ్చేవాళ్లను ఏమని అడుగుతాం?

పోయిన వారం బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. మాది నెల్లూరండీ అని మొదలుపెట్టారు. వాళ్ల అపార్ట్‌మెంట్లో కాలేజీ చదివే పిల్లలు 12 మందిని పోగేసి, దగ్గర్లో ఉన్న సర్కారు బడికి పంపుతున్నారట. చదువులో వెనకబడ్డ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం పని. జూన్‌లో 12 మంది, ఇప్పుడు నలుగురు. మిగతా ఎనిమిది మంది ఏమయ్యారండీ అంటే, "ఏమో మేడమ్, ఫ్రీగా వచ్చేవాళ్లను ఏమని అడుగుతాం?" అన్నారు.

9 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కె.ఆర్.పురం, హూడి, మహదేవపుర చుట్టుపక్కల సర్కారు బళ్లలో 18 నుంచి 25 ఏళ్ల లోపు వాలంటీర్లను పెట్టి నడిపించడం నా ఉద్యోగం. (మా హిందూపురంలో వాలంటీర్ అంటే 2024 దాకా పింఛన్లు పంచినవాళ్లే గుర్తొస్తారు, 2019లో వచ్చిన 50 ఇళ్లకొకరు పద్ధతి. నేను బెంగళూరులో రేషన్ కార్డులు రాయిస్తానని మా అత్త ఇప్పటికీ అనుకుంటోంది.) ఆ నెల్లూరాయన మాట నా చెవిన పడని నెల లేదు. హెచ్.ఎం.లు అంటారు, నాలాంటి కోఆర్డినేటర్లు అంటారు, ఎస్.డి.ఎం.సి. (బడి బాగోగులు చూసే కమిటీ) పెద్దలు అంటారు. పాపం, అందరూ మర్యాద కొద్దీ అనేదే. ఆ మర్యాదే కొంప ముంచుతోంది. అందుకే ముందు దాని సంగతి చూస్తాను, మిగతావి తర్వాత.

అపోహ: జీతం ఇవ్వడం లేదు కాబట్టి వాలంటీర్‌ను గట్టిగా అడగకూడదు. అడిగితే మానేస్తారు.

వాస్తవం: అడగకపోతే మానేస్తారు. చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను.

నా రెండో ఏడాది. ఒక మదనపల్లె కుర్రాడు, బీటెక్ అయిపోయింది, జాయినింగ్ లెటర్ రావాలి. రూములో ఖాళీగా కూర్చోలేక మా దగ్గరికి వచ్చాడు. మంగళ, గురు, శుక్రవారాలు ఒక బడిలో నాలుగో తరగతి పిల్లలు ఆరుగురిని అప్పగించాను. అందులో ఒక పాప. అమ్మానాన్నలది కర్నూలు వైపు, బిల్డింగ్ పని, షెడ్డులో కాపురం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నలి-కలి (కర్ణాటక సర్కారు బళ్లలో ఒకటి నుంచి మూడు దాకా ఆటపాటలతో నేర్పే పద్ధతి) తరగతులు దాటి వచ్చేసింది గానీ చదవడం రాలేదు. పాలగ్లాసు బొమ్మ పక్కన కన్నడంలో 'హాలు' అని ఉంటే 'పాలు' అనేది. 'హులి' అని ఉంటే 'పులి' అనేది. క్లాసులో తప్పు అని కొట్టేసేవాళ్లు, ఆ పాపకేమో తప్పెక్కడో తెలిసేది కాదు.

మనవాడు రెండో వారంలోనే పట్టేశాడు. పాప అక్షరాలు చూడటం లేదు, బొమ్మ చూసి తెలుగులో చెప్పేస్తోంది. మన 'ప'తో మొదలయ్యే మాటలు చాలావాటికి కన్నడంలో 'హ' వస్తుంది కదా. నోట్‌బుక్ పేజీ మధ్యలో నిలువుగా గీత గీయించి ఒకవైపు పాలు, పులి, పువ్వు, పల్లె, ఇంకోవైపు హాలు, హులి, హూవు, హళ్ళి రాయించాడు. గీత గీయడానికి స్కేలు కూడా ఆ పాపదే. ఇక అదొక ఆట అయిపోయింది. ఒకరోజు 'పిల్లి' ఎదురుగా 'హిల్లి' అని తనే రాసుకొచ్చింది. కన్నడంలో పిల్లిని 'బెక్కు' అంటారని చెప్తే ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నేను ఆ వరండాలోనే ఉన్నాను.

ఏడో వారం, మంగళవారం, వాడు రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. గురువారం కూడా రాలేదు. సర్లే, ఫ్రీగా చేస్తున్నవాడు, ఫోన్ చేస్తే నిలదీసినట్టు ఉంటుంది అనుకున్నాను. మరుసటి వారం ఇంకో బడిలో ఏదో తగువు, అటు పోయాను. మూడు వారాలయ్యాక హెచ్.ఎం. మేడమ్ గేటు దగ్గర ఆపి, "నిమ్మ హుడుగ ఎల్లి?" అన్నారు. మీ కుర్రాడేడీ అని. ఆ పాప ప్రతి మంగళవారం అన్నం తిని, ప్లేటు కడుక్కుని, నోట్‌బుక్ పట్టుకుని లైబ్రరీ మెట్ల మీద కూర్చుంటోందట. క్లాసుకి రమ్మంటే రాదట. అన్న వస్తాడంటోందట.

అప్పుడు చేశాను ఫోన్. ఆరో తరగతి మగపిల్లలు వాడి కన్నడాన్ని వెక్కిరించారట. స్టాఫ్ రూములో ఎవరో "భాషే రానివాడు ఏం నేర్పుతాడు" అన్నారట, వాడు వింటుండగానే. ఒకరోజు మొహం చెల్లక మానేశాడు. "ఎవరైనా ఫోన్ చేస్తే వచ్చేద్దామనే ఉండిందక్కా. ఒక్కరూ అడగలేదు. నేనొచ్చినా రాకపోయినా ఒకటేలే అనిపించింది" అన్నాడు.

"అడిగే దిక్కు లేదు" అని మనం ఎవరి గురించి అంటాం? మా వాలంటీర్‌ను నేను ఆ స్థితిలో పెట్టి, దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

బద్ధకంతో మానేసేవాళ్లు లేరనను. నేను చూసినంతలో వాళ్లు తక్కువ. ఎక్కువ మంది సిగ్గుతో మానేస్తారు. 19 ఏళ్ల పిల్లకు 30 మంది పిల్లల ముందు గొంతు పెగలదు. ఏదో ఒకరోజు పిల్లలు మాట వినరు, టీచర్ చూస్తుంటారు, చెవులు కాలిపోతాయి. ఆ సాయంత్రం ఎవరో ఒకరు మాట్లాడితే మర్నాడు మళ్లీ వస్తుంది. మాట్లాడకపోతే ఇంటర్నల్ ఎగ్జామ్స్ అని మెసేజ్ పెట్టి మాయమవుతుంది. మనం వెనకాల "ఈ కాలం పిల్లలకు నిలకడ లేదు" అంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

అడగడమంటే గద్దించడం అనుకునేవాళ్ల కోసం, మేము చేసేది చెప్తాను. హెచ్.ఎం. గదిలో వాలంటీర్ల హాజరు పుస్తకం ఉంటుంది. వచ్చిన టైము, వెళ్లిన టైము, ఏ పిల్లలతో కూర్చున్నారో ఒక్క ముక్క. ఎవరైనా రాకపోతే ఆ రోజే, మధ్యాహ్నం లోపల నేనే ఫోన్ చేస్తాను. మొదటి మాట "ఏమైంది?" మాత్రమే. "ఎందుకు రాలేదు?" అన్నామంటే వాళ్లు కారణం వెతుక్కుంటారు, అసలు సంగతి బయటకు రాదు. శనివారం ఒక్కొక్కరితో 20 నిమిషాలు: ఈ వారం ఏ పిల్ల దగ్గర ఆగిపోయావు, క్లాసులో నీకు ఇబ్బందిగా అనిపించిందేంటి, వచ్చే వారం ఏం చేద్దాం. మొదటి నెలలో వారానికోసారి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాను. అక్కడికక్కడ దిద్దను, టీ తాగేటప్పుడు చెప్తాను. ఒంటరిగా ఏ బడికీ పంపను, ఇద్దరిద్దరే. దసరా సెలవులు, వాళ్ల కాలేజీ పరీక్షలు, ఊళ్లో పెళ్లిళ్లు అన్నీ మొదటి రోజే క్యాలెండర్లో రాయిస్తాను. మానేయాలనుకుంటే మానేయొచ్చు, కాకపోతే నాలుగు వారాల ముందు చెప్పాలి. ఆ ముందు చెప్పడం నా కోసం కాదు, పిల్లలకు వాళ్ల నోటితోనే చెప్పి వెళ్లడానికి.

ఇదంతా పెట్టాక కొందరు చేరే ముందే వెనక్కి వెళ్లారు. వెళ్లనివ్వండి. సెప్టెంబరులో మాయమయ్యేవాళ్లు జూన్‌లోనే మానుకుంటే పిల్లలకు మేలు.

పంపించేయడం కూడా ఇందులో భాగమే. రెండేళ్ల కిందట ఒకమ్మాయి, మంచి పిల్లే, కోపంలో మూడో తరగతి బాబు చెంప మీద కొట్టింది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొచ్చేలా వేధించకూడదు. ఆ రోజే బాబు ఇంటికి వెళ్లి చెప్పాం, ఆ అమ్మాయిని ఆపేశాం. "సేవ చేయడానికి వచ్చినదాన్ని పంపించేస్తారా?" అని వాళ్ల నాన్న అడిగారు. పంపించేస్తాం సార్.

ఇక మిగతావి గబగబా.

వాలంటీర్ వచ్చాడంటే టీచర్ వచ్చినట్టే అనుకోవడం. కాదు. టీచర్‌కు ఉండాల్సిన అర్హతలు అదే విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ కింద నిర్ణయించినవి, ఇంటర్ పాసై వచ్చిన పిల్లవాడికి అవి లేవు. హెచ్.ఎం.ల బాధ నాకు తెలుసు. ఎలక్షన్ డ్యూటీ, జనగణన అంటూ ఇద్దరు టీచర్లు వెళ్లిపోతే మూడు క్లాసులు కలిపి కూర్చోబెట్టాలి, ఖాళీగా కనిపించే వాలంటీర్ మీద కన్ను పడుతుంది. అయినా నేను ఒప్పుకోను. టీచర్ లేని క్లాసులో ఒక పిల్ల పడి చేయి విరిగితే జవాబు చెప్పాల్సింది ఎవరు? ఆ కుర్రాడా?

ఇంకోటి తేలిగ్గా తీసుకునేది, తీసుకోకూడనిది: పిల్లలతో అన్నలా, అక్కలా కలిసిపోతే అంతా బాగుంటుందని. అన్నా అని పిలిపించుకోండి, తప్పు లేదు. సొంత నంబరు ఇవ్వడం, ఇన్‌స్టాలో కలుపుకోవడం, ఇంటి దాకా బండి మీద దింపడం, తలుపు మూసిన గదిలో ఒక్కర్నే కూర్చోబెట్టుకోవడం మాత్రం కుదరదు. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్ అక్కా" అని పిల్ల అడిగితే ఒట్టు వేయొద్దు. "నీకు దెబ్బ తగిలే సంగతైతే ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది" అని ముందే చెప్పండి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని భయం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. దాస్తే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల విషయం దాస్తే ఏడాది దాకా. పరువు, బడి పేరు, ఆ పిల్ల భవిష్యత్తు అంటూ సర్దిచెప్పేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్ల మాట వినొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు మా హాజరు పుస్తకం అట్ట మీదే రాసి ఉంటుంది.

పోలీస్ వెరిఫికేషన్ అడిగితే అవమానం అనుకుంటారు కొందరు. నాకూ చేశారు. ముందుకు పోదాం.

వాలంటీర్లంటే ఖర్చుండదు అన్నది ఇంకో భ్రమ. బి.ఎం.టి.సి. సిటీ బస్సుల్లో ఆడపిల్లలకు 2023 నుంచి శక్తి పథకం కింద ఫ్రీ కదా అంటారు. అది కర్ణాటక వాళ్లకు. మా అమ్మాయిల్లో సగం మంది ఆధార్ మీద అనంతపురం, చిత్తూరు అడ్రసే ఉంది, కండక్టర్ టికెట్ కొట్టేస్తాడు. బస్సు డబ్బులు, మధ్యాహ్నం భోజనం ఇవ్వలేకపోతే వాలంటీర్లను పిలవకండి. పీజీలో ఉండే పిల్లలు సిగ్గుపడి అడగరు, టిఫిన్ మానేసి వస్తారు.

చివరగా తల్లిదండ్రులు. "ఏడాది పాడైపోతుందా మేడమ్?" అని ఊళ్లనుంచి ఫోన్లు వస్తాయి. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, నా మీద మా నాన్నకూ ఉండేది. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మేమిచ్చే సర్టిఫికెట్‌తో సర్కారు ఉద్యోగం రాదు, టీచర్ కావాలంటే డి.ఎడ్. గానీ బి.ఎడ్. గానీ, టెట్ గానీ విడిగా పాసవ్వాల్సిందే. ఎన్.ఎస్.ఎస్.లో ఉన్నవాళ్లకు రెండేళ్లలో 240 గంటలు చూపించాలి కాబట్టి, కాలేజీ ముందే ఒప్పుకుంటే ఈ గంటలు అందులో కలుస్తాయేమో అడుగుతాం. అంతకుమించి నేను మాటివ్వను. ఎక్కువ మాటిచ్చి పిల్లల్ని పోగేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర్నుంచి విరిగిన మనసుతో నా దగ్గరికి వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఈ మధ్యలో మానేసి, ఇప్పుడు ఆ బడి వైపు వెళ్లాలంటే ముఖం చెల్లక ఇది చదువుతున్నవాళ్లు ఉంటే, ఒకసారి వెళ్లండి. హెచ్.ఎం.కు ఫోన్ చేసి, భోజనం టైములో, పది నిమిషాలు. చాక్లెట్లు, బొమ్మలు వద్దు. నేనిక రాను అని చెప్పి రండి, చాలు. పిల్లలు ఏడుస్తారని భయపడతారు. ఏడవరు, మామూలుగా.

మదనపల్లె కుర్రాడికి నేను ఫోన్ చేసిన వారం శుక్రవారమే జాయినింగ్ లెటర్ వచ్చింది, పుణె. వెళ్లే ముందు రోజు నేనే తీసుకెళ్లాను. మెట్ల మీద పక్కన కూర్చున్నాడు. పాప తలెత్తలేదు, ఏదో రాసుకుంటోంది. రేపు ఊరెళ్తున్నా, ఇక రాను అన్నాడు. సరే అంది. కాసేపయ్యాక, "నా స్కేలు?" అంది. వాడి బ్యాగులోనే ఉంది.