రోజూ రాయడం గురించి అపోహలు, వాస్తవాలు

ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూనే కథలు రాస్తున్నాను. కొత్తగా రాసేవాళ్లతో కూర్చున్నప్పుడల్లా ఇవే మాటలు వినిపిస్తాయి. వీటిని నమ్మి, చక్కగా కథ చెప్పగలిగినవాళ్లు కూడా రాయడం మానేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: తీరిక ఉంటేనే రాయగలం.

వాస్తవం: పేరున్న కథకుల్నే చూడండి: కాళీపట్నం రామారావు గారు విశాఖలో స్కూలు మాస్టారుగా పనిచేశారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు అదే ఊళ్లో ప్లీడరు. ఆ కోర్టుల చుట్టూ తిరిగిన అనుభవం లేకపోతే ఆయన ‘ఆరు సారా కథలు’ అలా వచ్చేవే కావు. ఉద్యోగం మన టైమంతా తినేస్తుంది, నిజమే. మనుషుల్నీ వాళ్ల మాటల్నీ మన ముందుకు తెచ్చేది కూడా అదే.

అపోహ: 21 రోజులు వరసగా రాస్తే అలవాటైపోతుంది. మధ్యలో ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటికే.

వాస్తవం: ఈ 21 అనే అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం అన్ని రోజులు పడుతుందని ఆయన గమనించారు. నోళ్లు మారేసరికి ఆ ‘కనీసం’ కాస్తా ఎగిరిపోయింది. తర్వాత లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలిస్తే, అలవాటు పడటానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. అదీ రోజూ పండు తినడం, నీళ్లు తాగడం లాంటి పనులకు. కథ రాయడం అంతకన్నా కష్టమే కదా. అదే పరిశోధనలో, ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా తేలింది. పిల్లాడికి జ్వరమొచ్చిందనో, చుట్టాలొచ్చారనో మానేశారా? ఆ లోటు పూడ్చాలని మర్నాడు రెట్టింపు రాయక్కర్లేదు.

అపోహ: మూడ్ రావాలి.

వాస్తవం: నేను చూసినంతలో మూడ్ లేదనేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు, ఎక్కడ అందుకోవాలో తెలియకపోవడం. దానికి విరుగుడు ముందురోజే వేసుకోవాలి. ఆపేటప్పుడు అడుగున మర్నాటి కోసం ఒక చిన్న ముక్క రాసి లేవండి. ‘కథ కొనసాగించాలి’ అని రాసుకుంటే ఏమీ తోచదు. ‘గొలుసు కనిపించట్లేదని అత్తగారు అంది. కోడలు పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు. ఎందుకు తిరగలేదు?’ అని ఉంటే, కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు నాలుగు వాక్యాలైనా పడతాయి. ఆ నాలుగూ చాలు. అంట్లు తోముతున్నా, బస్సు కోసం నిలబడినా మనసు ఆ వంటింట్లోనే తిరుగుతుంటుంది. రాయడానికి గడియారం చూసి టైము పెట్టుకోవడం కన్నా, ఎలాగూ రోజూ చేసే పనికి ముడిపెట్టడం మేలు. పొద్దున కాఫీ తాగాక, లేదా పిల్లల్ని బడికి పంపాక.

అపోహ: రోజూ ఇన్ని పేజీలని లెక్క ఉండాలి.

వాస్తవం: నిన్నటి పేజీలో మూడు వాక్యాలు కొట్టేసినా రాసినట్టే.

అపోహ: ఫోన్‌లో రాసేది రాత కాదు.

వాస్తవం: బస్సులో చెవిన పడిన మాట ఇంటికెళ్లేదాకా ఆగదు. వాయిస్ టైపింగ్‌లో చెబితే అప్పటికప్పుడు తెలుగులో పడుతుంది. ఒక్క జాగ్రత్త: అది యాసను చాలాసార్లు పుస్తకాల తెలుగులోకి మార్చేస్తుంది. ‘పోతున్నవా’ అన్న మనిషి తెరమీద ‘పోతున్నావా’ అంటాడు. బస్సు దిగకముందే, ఆ గొంతు ఇంకా చెవిలో ఉండగానే దిద్దేయండి.